నీళ్ళు అక్కర్లేని మొక్క

చావింటికి కుండీలో మొక్క పట్టుకెళ్ళిన తెలుగు ఆడమనిషిని మీరెక్కడైనా చూశారో లేదో నాకు తెలియదు. నేను పట్టుకెళ్ళాను. ఒకటి కాదు, నాలుగు. నాలుగూ ఒక్క ఇంటికే, ఒక్క మనిషి పోయినందుకే. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్లని ఎదురుగా నిలబెట్టి చీవాట్లు పెట్టాలనిపిస్తుంది. ఆ పిల్లని నేనే కాబట్టి ఊరుకుంటున్నాను.

యాభైల ఆఖర్లో సంగతి. పెళ్ళయి, జంషెడ్‌పూర్‌లో అగ్రికో క్వార్టర్లకి కాపురానికొచ్చి అప్పటికి రెండేళ్ళు. మాది శ్రీకాకుళం దాటాక ఒరిస్సా పొలిమేరలో ఒక పల్లె. మా ఆయన కంపెనీలో ఫిట్టరు. మా క్వార్టరూ పక్క క్వార్టరూ ఒకే గోడకి అటూ ఇటూ ఉండేవి. పెరట్లోకొచ్చేసరికి ఆ గోడ నా భుజాల ఎత్తుకి దిగిపోయేది. అవతలింట్లో కాకినాడ వైపు నుంచి వచ్చిన క్రైస్తవ దంపతులు. ఆయన కంపెనీలోనే క్రేను నడిపేవారు. ఆవిడ తెలుగు పిల్లల బడిలో లెక్కలు చెప్పేది. పిల్లలు లేరు. ఆయన మొదటి రోజే నన్ను "చెల్లెమ్మా" అని పిలిచారు కాబట్టి ఆవిడ నాకు వదిన అయిపోయింది.

ఆ వదినే లేకపోతే నేను మొదటి నెలలోనే రైలెక్కి మా అమ్మ దగ్గరికి పారిపోయేదాన్ని. నాకు హిందీ ముక్క రాదు. కూరలమ్మేవాడు కేకేస్తే తలుపేసుకుని లోపల కూర్చునేదాన్ని. వదిన గోడ మీంచి నాకు హిందీ నేర్పింది. ముందు "కిత్నా" అని ధర అడగడం, తరవాత "నహీ చాహియే" అని వద్దనడం, ఆ తరవాత దెబ్బలాటకి సరిపడా. నాకు నోరు పుట్టుకతోనే ఉంది, భాషొక్కటే తక్కువ. అదీ వచ్చాక బజారులో నన్ను చూస్తే తక్కెడ సరిగ్గా పట్టుకునేవారు. అన్నయ్యగారు డ్యూటీ నుంచి వచ్చి సైకిలు దిగుతూ, "చెల్లెమ్మా, ఇవాళ ఎవరి మీద గెలిచావు?" అని అడిగేవారు.

నేను వచ్చిన మొదటి ఏడు నాకు నాలుగో నెలలో కడుపు పోయింది. మా ఆయన డ్యూటీకి పోక తప్పదు, అత్తగారు ఊళ్ళో ఉన్నారు. వదిన బడికి సెలవు పెట్టి మూడు రోజులు నా మంచం పక్కన కూర్చుంది. పెద్దగా మాట్లాడింది కూడా లేదు. నేను ఏడిస్తే ఏడవనిచ్చింది, అన్నం కలిపి పెడితే తిన్నాను, అంతే. ఆ మూడు రోజుల గురించి మేం మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు గానీ నేను మాత్రం ఒక్క పూట కూడా మరిచిపోలేదు.

అలాంటి వదినకి భర్త పోయాడు. ఒక ఆదివారం పొద్దున్న ఆస్పత్రికి తీసుకెళ్ళారట, మధ్యాహ్నానికి పోయారని కబురొచ్చింది. నాకప్పుడు ఏడో నెల.

ఇక్కణ్ణుంచే నా అయోమయం మొదలు. కడుపుతో ఉన్నది చావింటి గడప తొక్కకూడదు, శవాన్ని చూడకూడదు, ఆ ఏడుపు చెవిన పడకూడదు. మా వైపు పసిపిల్లక్కూడా తెలిసిన సంగతి ఇది. ఊళ్ళో అయితే ఏ చిక్కూ లేదు, చావింటికీ మనింటికీ మధ్య ఒక వీధైనా ఉంటుంది. ఇక్కడ ఒకే గోడ. కాన్పుకని అప్పటికే వచ్చి ఉన్న మా అత్తగారు కబురు వినగానే నా చెయ్యి పట్టుకుని బయటికి లాగారు.

"ఒలే, సెప్పులేసుకో. రిచ్చా ఎక్కు. ఏడుపులు మొదలెట్టకముందే ఎల్లిపోవాల."

"అత్తయ్యా, ఆవిడ నాకు..."

"తెల్సు. నాకు అన్నీ తెల్సు. ఒకటి పోనాది నీకు. ఇది కూడా పోతే నువ్వేటవుతావే?"

నాకు నోరుందని చెప్పాను కదా. ఆ పూట లేదు. రిక్షా ఎక్కాను. ఆ ఊళ్ళోనే సిద్ధగోరా అనే పేటలో మా ఆయన తరఫు బంధువుల ఇంట్లో నాలుగు రోజులున్నాను. ఆ నాలుగు రోజులూ కడుపు మీద చెయ్యేసుకుని కూర్చుని, లోపల కదిలినప్పుడల్లా హమ్మయ్య అనుకోవడం, అనుకున్నందుకు సిగ్గుపడటం, ఇదే పని. అన్నయ్యగారి కోసం ఏడవాలని ఉంది, ఏడిస్తే బిడ్డకి ఏమవుతుందోనని భయం. ఏడుపు గొంతు దాకా తెచ్చుకుని మింగేసేదాన్ని.

తిరిగొచ్చేసరికి సమాధి అయిపోయింది. ఇంక పలకరించడానికి ఎప్పుడు వెళ్ళాలన్నది సమస్య. మాకైతే పదకొండు రోజులని, పన్నెండు రోజులని ఒక లెక్కుంది. ఆ లోపల ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు, వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు ఏమనకూడదు, అన్నిటికీ పద్ధతుంది. వాళ్ళకి?

"ఆలకి మైల ఎన్నాళ్ళురా?" అని అత్తగారు మా ఆయన్ని అడిగారు.

ఆయన కంపెనీ వర్క్‌షాపులో ఒక క్రైస్తవ ఫిట్టరుని అడిగొచ్చారు. "అసలు మైలే ఉండదంట," అన్నారు.

అత్తగారు నమ్మలేదు. మనిషి పోతే మైల ఉండకపోవడమేమిటి? వారం తరవాత వదిన ఇంట్లో ఆదరణ కూడిక జరిగింది. వాళ్ళ గుడివాళ్ళంతా, అంటే చర్చికొచ్చేవాళ్ళంతా, వచ్చి ప్రార్థన చేసి పాటలు పాడారు. గోడ ఇవతల నేనూ అత్తగారూ బియ్యం ఏరుకుంటూ విన్నాం. "పాటలు పాడీసినారు గదా, అయితే అయిపోనట్టేనా?" అని అత్తగారు కాసేపు ఆలోచించారు. ఆవిడ పాపం నిజంగానే తేల్చుకోలేకపోయారు. చివరికి ఆవిడ చెప్పిన తీర్పేమిటంటే, లెక్క లేని మైల ఎప్పటికి తీరిందో ఎవరూ చెప్పలేరు కాబట్టి, నేను పురిటి స్నానం చేసేదాకా ఆ గడప తొక్కడానికి లేదని.

సరే, వెళ్ళకూడదు. గోడ మీంచి మాట్లాడవచ్చా? అది ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. పొద్దున్నే వదిన పెరట్లోకి వచ్చిన అలికిడైతే నేను గబుక్కున వంటింట్లోకి తప్పుకునేదాన్ని. అత్తగారి మాట కోసం కొంత, మొహం చెల్లక ఎక్కువ. నా మంచం పక్కన మూడు రోజులు కూర్చున్న మనిషి కష్టంలో ఉంటే నేను మూడు నిమిషాలు కూడా నిలబడలేదు. ఆవిడ నన్ను ఏమనుకుంటోంది? ఇంక నా మొహం చూస్తుందా? నన్ను వదిలేసుకుంటుందా? నాకు ఆ ఊళ్ళో ఉన్నది ఆవిడొక్కతే. నా బెంగంతా అదే.

అన్నం వండి పంపుదామంటే గుడివాళ్ళు వంతులేసుకుని క్యారేజీలు మోస్తున్నారు. ఉత్తరం రాద్దామంటే గోడవతలింటికి ఉత్తరమేమిటి, నలుగురూ నవ్వుతారు. నేను ఇలా కొట్టుమిట్టాడుతుంటే మా ఆయన ఒక సాయంత్రం ఒక మాట చెప్పారు. ఆయన వర్క్‌షాపు ఇంజినీరుగారి తల్లి పోతే, ఏదో కాగితం మీద సంతకం కోసం బంగళాకి వెళ్ళారట. వరండా నిండా కుండీలట.

"దొరల బంగళాల్లో అదే పద్ధతంట. మనిషి పోతే మొక్క పంపుతారంట, కుండీతో సహా. ఏదో ఒకటి పచ్చగా కళ్ళెదుట ఉంటాదని."

"మనం పంపితే ఏమనుకుంటారో?"

"నాకేటి తెలుసు? నువ్వు ఏడుస్తంటే చూడలేక చెప్పేను."

ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. మొక్కయితే గడప తొక్కక్కర్లేదు, గోడ మీంచి అందివ్వచ్చు. తరవాతి వారం ఆస్పత్రిలో చూపించుకుని వస్తూ, మా ఆయన్ని సతాయించి సాక్చి బజారు పక్కన మొక్కలమ్మే మాలీ దగ్గర రిక్షా ఆపించాను.

అక్కడ నిలబడ్డాక తెలిసింది అది ఎంత తలనొప్పి వ్యవహారమో. ఏ మొక్క చూసినా దానికో వంక కనబడింది. తులసి కొందామంటే వాళ్ళు క్రైస్తవులు. కలబందని మేం గుమ్మానికి కడతాం దిష్టి తగలకుండా. అది ఇస్తే మీ ఇంటికి దిష్టి తగిలిందని చెప్పినట్టుంటుంది. బిళ్ళగన్నేరు నీళ్ళు లేకపోయినా పూస్తుంది, కానీ మా ఊళ్ళో అది శ్మశానంలో విరగబూసేది. గులాబీకి ముళ్ళు. కాక్టసుకి ఒళ్ళంతా ముళ్ళే. ఎర్రటి క్రోటను నాకు నచ్చింది, కానీ మొగుడు పోయిన మనిషికి ఎర్ర రంగేమిటని అత్తగారు అంటారు. సీసాలో వేలాడే తీగొకటి చూపించి, ఇది ఇంట్లో ఉంటే డబ్బొస్తుందన్నాడు మాలీ. ఇంకా నయం, భర్తని పోగొట్టుకున్న మనిషికి డబ్బొచ్చే మొక్క ఇచ్చి పలకరించనా? వాడి మీద నాకు ఒళ్ళు మండిపోయింది. వాడేం చేశాడు పాపం.

వీటన్నిటికంటే పెద్ద భయం ఇంకోటుంది. ఆ మొక్క చచ్చిపోతే? వదిన బడికి పోతుంది, వస్తుంది, ఏ దిగుల్లోనో నీళ్ళు పొయ్యడం మరిచిపోతుంది. ఎండిన మొక్కని చూసి, మళ్ళీ నా ఇంట్లో చావేనా అనుకుంటే? అప్పుడు నేను ఓదార్పు ఇచ్చినట్టా, ఇంకో చావు ఇచ్చినట్టా? అందుకని మాలీకి గట్టిగా చెప్పాను, నేర్చుకున్న హిందీ అంతా వాడి: నీళ్ళు పొయ్యకపోయినా, ఎండ తగలకపోయినా, ఎవరూ పట్టించుకోకపోయినా చావనిది కావాలని.

వాడు మూలకి వెళ్ళి ఒక కుండీ తెచ్చాడు. పొడుగాటి ఆకులు, కత్తులు నిలబెట్టినట్టు నిటారుగా, ఆకుపచ్చ మీద తెల్లటి అడ్డచారలు. కొమ్మా లేదు, పువ్వూ లేదు. పేరేదో ఇంగ్లీషులో చెప్పాడు, నాకు నోరు తిరగలేదు.

"బహూజీ, ఇస్కో కోయీ మార్ నహీ సక్తా," అన్నాడు. దీన్ని చంపడం ఎవరి వల్లా కాదని. పదిహేను రోజులకోసారి గ్లాసుడు నీళ్ళు చాలట.

చూడ్డానికి ఏమంత బాగాలేదు. కానీ చావదన్న ఒక్క మాటకి పడిపోయాను.

అత్తగారు మధ్యాహ్నం కునుకు తీసేవేళ, వదిన బడి నుంచి వచ్చిన అలికిడి విని, కుండీ ఎత్తుకుని గోడ దగ్గరికెళ్ళాను. ఏం మాట్లాడాలో అన్నీ మనసులో వరసగా పెట్టుకున్నాను. అన్నయ్యగారు దేవుడిలాంటి మనిషని చెప్పాలి. రాలేకపోయినందుకు క్షమించమని అడగాలి. ఎందుకు రాలేదో చెప్పాలి. వదిన గోడ దగ్గరికి వచ్చింది. సగమైపోయింది మనిషి. నన్ను చూసింది, నా కడుపు చూసింది, కుండీ చూసింది.

"దీనికి నీళ్ళు పొయ్యక్కర్లేదు వదినా," అన్నాను.

అంతే. అన్నయ్యగారు పోయాక ఆవిడతో నేనన్న మొదటి మాట అది. ఇన్నేళ్ళ తరవాత కూడా, స్నానం చేస్తుంటేనో కూర తరుగుతుంటేనో ఆ మాట గుర్తొచ్చి గట్టిగా "ఛీ" అంటాను. ఇంట్లోవాళ్ళు ఎవర్ని తిడుతున్నానా అని చూస్తారు.

వదిన రెండు చేతులతో కుండీ అందుకుంది. "నాకేనా?" అంది. ఊఁ అన్నాను. తరవాత ఏం చెయ్యాలో తెలియలేదు. మేం చావింటి నుంచి వచ్చేటప్పుడు వెళ్ళొస్తామని చెప్పం, చెప్పకూడదు. మరి గోడకి ఇవతల, మా పెరట్లోనే నిలబడి ఉన్నాను. ఇక్కణ్ణుంచి నేను వెళ్ళేదేమిటి, వచ్చేదేమిటి? చెప్పాలా వద్దా? ఆలోచిస్తూ అలాగే వెనక్కి తిరిగి, ఒక్క మాట లేకుండా ఇంట్లోకి వచ్చేశాను. వదిన కుండీ పట్టుకుని ఎంతసేపు నిలబడిందో నాకు తెలియదు.

తరవాత రెండున్నర నెలలకి పాప పుట్టింది, క్షేమంగా. పురిటి స్నానమయ్యాక అత్తగారే అన్నారు, "ఇంక ఎల్లు. పాపనెత్తుకుని ఎల్లు. పాపం, ఒక్కర్తీ ఉంటాది." ఆవిడ మంచి మనిషే. ఆవిడ భయం ఆవిడది.

పాపని ఎత్తుకుని మొదటిసారి ముందు గుమ్మం నుంచి వెళ్ళాను. వదిన పాపని తీసుకుని చాలాసేపు మొహంలోకి చూసింది. టీ పెట్టింది. కిటికీ దగ్గర బల్ల మీద నా కుండీ ఉంది. ఆకులు మొదళ్ళ దగ్గర మెత్తబడి, పసుపు తిరిగి, ఒకటి పక్కకి ఒరిగిపోయింది. మన్ను చిత్తడిగా ఉంది. కుండీ కింద పళ్ళెంలో నీళ్ళు నిలిచున్నాయి.

"రోజూ నీళ్ళు పోత్తన్నాను. అయినా ఏటో అలగైపోతంది," అంది వదిన.

"రోజూనా? దీనికి..."

"పొద్దున్న లేవగానే ఎవరికో ఒకరికి నీళ్ళివ్వాలి గదా. ఇరవై ఏళ్ళ అలవాటు. లేచీ లేవగానే ఆయనకి చెంబుడు నీళ్ళు కావాలి. ఇప్పుడు లేచి ఏటి చెయ్యాలో తెలీదు. దీనికి పోత్తన్నాను."

నీళ్ళు అక్కర్లేని మొక్కని ఏరికోరి తెచ్చింది నేను. ఆవిడకి కావలసింది నీళ్ళు అడిగే మొక్క. ఇప్పుడేం చెప్పను? నీళ్ళు పొయ్యకు, నువ్వే దాన్ని చంపుతున్నావని చెప్పనా? పొద్దున్నే లేచి చేసుకునే ఆ ఒక్క పనీ లాక్కోనా? చెప్పకపోతే అది కుళ్ళి చస్తుంది. చెప్తే ఆవిడ మనసు చస్తుంది. ఎటు ఆలోచించినా నాకు దారి కనబడలేదు.

"మన్ను బాగాలేదు వదినా," అన్నాను చివరికి. "నేను పట్టికెళ్ళి మన్ను మార్చి తెత్తాను."

కుండీ ఇంటికి తెచ్చి చూస్తే వేళ్ళు గంజిలా అయిపోయాయి. మా ఆయన్ని సాక్చి పంపి అలాంటిదే ఇంకో మొక్క తెప్పించి, అదే కుండీలో పాతి, రెండు రోజుల తరవాత పట్టుకెళ్ళి కిటికీ దగ్గర పెట్టాను. "సూడు వదినా, మన్ను మార్చేసరికి తేరుకుంది," అన్నాను. వదిన మొక్క వంక చూసింది, నా వంక చూసింది. "అవును, తేరుకుంది," అంది. మళ్ళీ టీ పెట్టింది.

అది నెలా పదిహేను రోజులు బతికింది. మూడోది ఇంకా తక్కువ. ప్రతిసారీ అదే తంతు. మొక్క ఒరిగిందని నేను కనిపెట్టడం, మన్ను బాగాలేదనడం, కుండీ తీసుకెళ్ళడం, కొత్త మొక్కతో తిరిగి రావడం. మాలీకి నేనంటే భయం పట్టుకుంది. మా ఆయన్ని ఆపి, "బాబూ, మీ ఆవిడ వీటిని తింటుందా ఏమిటి?" అని అడిగాడట. మా పెరట్లో మూల కుళ్ళిన ఆకుల కుప్ప చూసి అత్తగారు, "ఏటే, మొక్కలికి దినాలు సేత్తన్నావా?" అన్నారు.

ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి. మొక్క పని లేకపోతే నేను వదిన గుమ్మం ఎక్కేదాన్ని కాదు. ఎక్కడానికి ధైర్యం లేదు. ఊరికే వెళ్తే, ఎదురెదురుగా కూర్చుంటే, ఆ రోజు ఎందుకు రాలేదన్న ప్రశ్న మా ఇద్దరి మధ్యా వచ్చి కూర్చుంటుంది. కుండీ ఉంటే మాటలకి కొదవ లేదు. మన్ను గురించి, ఎరువు గురించి, కిటికీలోంచి వచ్చే ఎండ గురించి గంటసేపు వాగేదాన్ని. వదిన పాపని ఒళ్ళో పెట్టుకుని వినేది. ఇన్నిసార్లు వెళ్ళాను, ఒక్కసారీ అన్నయ్యగారి మాట నేనెత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఆవిడకి మంచిదని నేను అనుకున్నాను. కాదేమోనని ఒక్కోసారి అనుమానమొచ్చేది. అప్పుడు ఇంకా గట్టిగా ఎరువు గురించి మాట్లాడేదాన్ని.

ఎండాకాలం సెలవులివ్వగానే వదిన క్వార్టరు ఖాళీ చేసింది. బడి సంవత్సరం అయ్యేదాకా కంపెనీవాళ్ళు ఉండనిచ్చారు, ఇంక ఆ ఇల్లు వేరేవాళ్ళకి ఇవ్వాలి. సిద్ధగోరాలో రెండు గదులు అద్దెకి తీసుకుంది. సామానంతా ఒక ఠేలా బండిలో సరిపోయింది. నేను గిన్నెలు సర్దడానికి వెళ్ళాను. చివరికి కిటికీ దగ్గర కుండీ మిగిలింది. నాలుగో మొక్క. అప్పటికే ఒక ఆకు పసుపు తిరుగుతోంది.

"మన్ను..." అని మొదలుపెట్టాను.

"ఆపు," అంది వదిన. కోపంగా కాదు. "పిల్లా, నేను లెక్కలు చెప్పుకుని బతికేదాన్ని. అయిదాకుల మొక్క పట్టికెళ్ళి ఏడాకుల మొక్క తెచ్చేవు. ఏడాకులది పట్టికెళ్ళి నాలుగాకులది తెచ్చేవు. నాకు తెలీదనుకున్నావా?"

నేను తల దించుకున్నాను.

"నీళ్ళక్కర్లేదన్నావు గానీ, పోత్తే చస్తాదని తెలీక చంపేను మొదటిది. నిజం. రెండోదాన్నుంచి తెలిసే పోసేను నీళ్ళు."

"ఎందుకు వదినా?"

"ఆయన పోతే నువ్వు రాలేదు. మొక్క పోతే వత్తన్నావు."

అక్కడే నేల మీద చతికిలబడ్డాను. కడుపుతో ఉన్నానని, అత్తగారు రిక్షా ఎక్కించారని, ఒకసారి పోయిందన్న భయమని, ఏడు నెలలుగా దాచుకున్నదంతా ఒక్క ఊపున చెప్పబోయాను. వదిన చెయ్యెత్తి ఆపింది.

"అవన్నీ నాకు తెలుసు. నేనూ తెలుగుదాన్నే, మా అమ్మమ్మ కూడా కడుపుతో ఉన్నవాళ్ళని వెళ్ళనిచ్చేది కాదు. నేను నిన్ను ఏమన్లేదు గదా. ఇది నీ దగ్గరే ఉంచు. సిద్ధగోరా వత్తే ఏదీ తేకు. మొక్కొద్దు, పండొద్దు. వట్టి చేతుల్తో రా."

బండి వెనకాల నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

వెళ్ళడానికి నాకు మూడు వారాలు పట్టింది. కొత్తగా చేరిన ఇంటికి వట్టి చేతులతో ఎవరైనా వెళ్తారా? మా పద్ధతిలో అది ఎంత తప్పు! అత్తగారికి తెలిస్తే తలుపు దాటనివ్వరు. దారిలో బజారు దగ్గర రెండుసార్లు రిక్షా ఆపించి అరటిపళ్ళ దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి ఎక్కాను. రిక్షావాడు నన్ను పిచ్చిదాన్ననుకున్నాడు. వదిన తలుపు తీసి ముందు నా చేతుల వంక చూసింది. పాప తప్ప ఏమీ లేదు.

"కూకో," అంది.

చాప మీద కూర్చున్నాను. కిటికీ దగ్గర కుండీ లేదు, మన్ను లేదు, ఎరువు లేదు. ఇద్దరం ఎదురెదురుగా ఉన్నాం. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పాప గౌను అంచులు సరిచేస్తూ కూర్చున్నాను. వదిన టీ కూడా పెట్టలేదు. నేను ఏదో ఒకటి అనేదాకా ఆవిడ కదిలేలా లేదు. ఏదంటే తప్పో, ఏదంటే ఒప్పో ఎంత వెతుక్కున్నా తేలలేదు. చివరికి మొదటి రోజే అడగవలసింది అడిగాను.

"అన్నయ్యగారికి ఆ రోజు ఏమైంది వదినా?"

అడిగినందుకు ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. బడిలో పిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా, మొదటి నుంచీ చెప్పింది.

"గుడికెళ్ళాలని పొద్దున్నే చొక్కా తొడుక్కున్నారు. బొత్తాలు పెట్టుకుంటూ పెట్టుకుంటూ మంచమ్మీద కూలబడ్డారు. గుండెల్లో నొప్పన్నారు. మీ ఆయన్ని కేకేద్దామని పెరట్లోకి పరిగెట్టబోతే నా చెయ్యి పట్టుకున్నారు. 'అరవకే' అన్నారు. 'గోడవతల చెల్లెమ్మ నిండు మనిషి. ఒకసారి పోయింది దానికి. జడుసుకుంటాది. వీధి వైపెళ్ళి ఎవర్నయినా పిలు' అన్నారు. ఎదురింటాయన బండి కోసం పరిగెట్టేడు. బండొచ్చేదాకా తలగడ నోటికి అడ్డం పెట్టుకున్నారు. చెమటలు కారిపోయేయి, పళ్ళు బిగపట్టేసేరు గానీ, ఒక్క మూలుగు నీకు వినబడనియ్యలేదు."

చెప్పడం అయ్యాక వదిన వంగి, పాపని నా ఒళ్ళోంచి తన ఒళ్ళోకి తీసుకుంది.